తొండం నోరు ఎక్కడ?

పాడ్యమి, పోటు ఎక్కే వేళ

నా పేరు మైలపల్లి కాసులమ్మ. డెబ్బై దాటాయి. ఎంత దాటాయో చెప్పగలిగినవాళ్ళంతా పోయారు. ఉప్పునీళ్ళ మీద తెప్పలతో కట్టిన తేలుడుపేటలో, తూర్పు వరసలో చివరి తెప్ప మాది. ఇంట్లో నేను, మా ఆయన అక్క అప్పాయమ్మ, ఒక కోడిపెట్ట ఉంటాం. అప్పాయమ్మ మంచాన పడ్డాక రెండు తుపాన్లు చూసింది. కోడిపెట్ట గుడ్లు మానేసి అంతకంటే ఎక్కువే అయింది. ఇద్దరికీ నోరు మాత్రం బాగానే ఉంది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పనివాళ్ళ పంచాయతీ తరఫున వరాలు రాస్తోంది. తగువు మొదలైన రోజు నుంచి తేలే రోజు దాకా ఎప్పటికప్పుడు వచ్చి చెప్పాలట, అది వాళ్ళ పద్ధతి. "నీ మాటల్ని పుస్తకం మాటల్లోకి మారుస్తాను పెద్దమ్మా, పంచాయతీ పెద్దలకు తేలిగ్గా ఉంటుంది," అంది. మార్చుకో తల్లీ, తిట్లు మాత్రం తీసేయకు అన్నాను.

ఉప్పుగాలి హోటల్లో అట్ల పెనం నాది. పొద్దున్నే నాచు కడిగి, రుబ్బి, గుప్పెడు పిండి కలిపి, ఎండ ముదిరేలోగా అట్లు పోస్తాను. చల్లటి పూట కాబట్టి పేటలో సగం మంది అప్పుడే తిని పోతారు. లేచేటప్పుడు ఎవరి సొరబుర్రలో మిగిలిన మంచినీళ్ళు వాళ్ళు గుమ్మం పక్కనున్న గంగాళంలో వంపుతారు. తిండి నచ్చితే ధారగా వంపుతారు, నచ్చకపోతే విదిలించి పోతారు. దాన్నే మిగులు అంటాం. ఆ పూట పనిచేసినవాళ్ళు ఆ పూట మిగులు పంచుకుంటారు. గంగాళం మీద యజమాని చెయ్యి పడకూడదు. ఇది పంచాయతీ పెట్టిన కట్టు, పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ నీళ్ళే మా అప్పాయమ్మ వీపు నీళ్ళు. పడుకుని పడుకుని ఆమె వీపంతా పుండ్లు పడింది. ఉప్పునీళ్ళతో తుడిస్తే అవతలి వరస దాకా వినపడేలా అరుస్తుంది. పేట కొళాయి ఇచ్చేది గొంతు తడుపుకోవడానికే సరిపోతుంది. కాబట్టి ఆ మిగులులో నా పాలు ఇంటికి రాకపోతే ఆమె వీపు కుళ్ళుతుంది. నా తగువంతా ఇందుకే. మిగతాది వినేటప్పుడు పెద్దలు ఈ మాట మరిచిపోవద్దు.

పోయిన నెలలో మా యజమాని పట్టాభిగారు ఒక యంత్రాన్ని తెప్పించారు. పైకప్పుకు పట్టాలు బిగించి దాన్ని వేలాడదీశారు. పొడుగ్గా వంగుతూ, గరిటె పట్టుకుని, అటూ ఇటూ ఊగుతుంది. మేము దానికి తొండం అని పేరు పెట్టాం. పళ్ళేలు అందిస్తుంది, రద్దీగా ఉంటే పెనం మీద అట్టు తిప్పుతుంది. మర్యాదగా మాట్లాడుతుంది. నిజం చెప్పాలంటే నాకు దాన్ని చూడటం సరదా. ఏనుగును నేనెప్పుడూ చూడలేదు. ఇదే నా ఏనుగు.

ఇవాళ పంపకం వేళ పట్టాభిగారు గుమ్మంలో నిలబడి ఒక మాట అన్నారు.

"తొండం కూడా మీతో సమానంగా పనిచేస్తోంది. పనివాళ్ళ చిట్టాలో దాని పేరు ఎక్కించాను. ఇకమీదట గంగాళంలో దానికీ ఒక పాలు."

అన్నం వండే ఎర్రయ్య నా వైపు చూశాడు. అంట్లు తోమే మేరీరత్నం నేల చూసింది. నేను తొండం వైపు చూశాను. కోపం కాదు, నాకు నిజంగానే తెలియలేదు. దానికి దాహం వేస్తుందా?

చవితి, పోటు

మా పంపకంలో ఒక అలవాటు ఉంది. పాలు తీసుకునేవాళ్ళు గంగాళం దగ్గరే నిలబడి, అందరి ఎదుటా ఒక గుక్క తాగాలి. తర్వాతే చెంబు ఎత్తాలి. బుర్రల్లో ఉప్పునీళ్ళు కలిపి వంపే దొంగలున్న కాలంలో పుట్టింది ఈ అలవాటు. ఆ దొంగలు పోయారు, గుక్క మిగిలింది. గుక్క తాగినవాళ్ళదే ఆ పాలు అని ఇప్పుడు దానికి అర్థం.

ఈ మూడు పూటలూ తొండం పాలు బిందెలోకి పోయించుకుని, దాని చేతనే లోపలి గదిలోకి మోయించారు. నా చెంబు ఏ రోజుకారోజు తేలికవుతోంది. ఇవాళ బిందె కదలబోతుంటే అడ్డం నిలబడ్డాను.

"ఆగండాగండి. గుక్క ఏదండీ?"

"యంత్రానికి గుక్కేమిటి కాసులమ్మా?" అన్నారు పట్టాభిగారు.

"పాలున్నోడికి గుక్కుండాలి కదండీ. తాగితే నాకేం ఏడుపు లేదు. ఎలా తాగుద్దో సూద్దామని."

ఎర్రయ్య నవ్వాడు. "పిన్నీ, దాని నోరు మీదెక్కడో ఉంటాది. నిచ్చెనేసుకో."

నేను పీట వేసుకుని ఎక్కాను. తొండం కింద, పక్కన, మడతల్లో చెయ్యి పెట్టి తడిమాను. ఎక్కడా కంత లేదు, తడి లేదు. నూనె వాసన వచ్చింది.

"దయచేసి కీళ్ళ మధ్య చేయి ఉంచకండి, కాసులమ్మగారూ. నలుగుతుంది," అంది తొండం.

తినడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి నవ్వుతున్నారు. పట్టాభిగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇక చాలు! దాని తరఫున నేను తాగుతాను. సరేనా?" అంటూ సోల ముంచి ఎత్తారు. గుక్కతో ఆగలేదు. ఎండలో నడిచొచ్చిన మనిషిలా గటగటా సోలంతా తాగేశారు. మూతి తుడుచుకున్నాక గానీ తానేం చేశారో ఆయనకు తట్టలేదు.

పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. అది నా అట్టే.

"గుక్క తాగినోళ్ళదే పాలు," అన్నాను. "తాగింది తవరు. గంగాళం మీద తవరి నోరు పడింది."

సప్తమి, ఆటు

నిన్న నా పూట మార్చేశారు. తెల్లవారి పూట పెనం తొండానికి ఇచ్చి, నన్ను మిట్టమధ్యాహ్నం పూటకు వేశారు. "నీ వయసుకు రద్దీ మంచిది కాదు," అన్నారు పట్టాభిగారు. ఎంత దయ! మధ్యాహ్నం ఎండకు తెప్పల తాళ్ళే పొగలు కక్కుతాయి. ఆ వేళ గూట్లోంచి తల బయటపెట్టేవాడు ఉండడు. తినేవాళ్ళు లేకపోతే మిగులు ఉండదు. ఏ పూట మిగులు ఆ పూటవాళ్ళదే కదా. నాకు మిగిలింది ఎండిన గంగాళం.

నిన్నా ఇవాళా అప్పాయమ్మ వీపు కడగలేదు. తడిగుడ్డ కూడా లేదు, ఉత్త గుడ్డతో ఒత్తాను.

హోటల్లో ఆ వేళ ఉండేది నేనూ, తొండమూ. తెల్లవారి పూటతో పాటు మధ్యాహ్నం పూట కూడా చేయాలని దానికి చెప్పారట. కూర్చుని ఏం చేస్తాం? మాట్లాడుకున్నాం. పెద్దలు నవ్వినా నవ్వండి.

అదే ముందు అడిగింది. "కాసులమ్మగారూ, పెనం కాలిందో లేదో తెలుసుకోవడానికి మీరు దానితో ఎందుకు మాట్లాడతారు?"

"నేనేం మాట్లాడతాను?"

"పిండి చిలకరించి, 'ఏటే, ఇంకా నిద్ర లేవలేదా' అంటారు. నేను అలా అన్నాను. పెనం వేడిలో మార్పు లేదు."

నాకు నవ్వాగలేదు. "అది పెనానికి కాదురా, నా నోటికి అలవాటు. సరేగానీ, నువ్వొకటి సెప్పు. నీకు దాహమేస్తాదా?"

"వేయదు. నీళ్ళు తగిలితే నా కీళ్ళు తుప్పు పడతాయి. నెలకు ఒకసారి నూనె చాలు."

"మరి నీ పాలో?"

"నా పేరున తీసిన నీళ్ళు లోపలి గదిలోని తొట్టిలో పోయమన్నారు. పోస్తున్నాను."

"ఆ తొట్టి ఎందుకంట?"

"యజమానిగారు స్నానం చేస్తారు."

తేలుడుపేటలో స్నానం! పెళ్ళికూతురికి కూడా తడిగుడ్డతో సరిపెట్టే పేట ఇది. నిన్న సాయంత్రం ఇంటికెళ్ళి అప్పాయమ్మకు చెప్పాను.

"నా వీపు నీల్లతో ఆయనగారు వీపు తోముకుంటన్నాడా?" అంది. తర్వాత, "సబ్బు కూడా రాస్తన్నాడంటావా?" అని అడిగింది.

మా ఇంటి ఆడవాళ్ళకు తెలుసుకోవాలన్న జబ్బు ఉంది. ఇవాళ ఆ సంగతి కూడా తొండాన్ని అడిగాను. రాస్తాడట.

నవమి, పోటు

వరాలు చెప్పింది: ఫిర్యాదు నిలబడాలంటే అదే హోటల్లో పనిచేసే ఇద్దరు సాక్షులు కావాలి. పున్నమిలోగా రావాలి. బయటివాళ్ళు, తిన్నవాళ్ళు పనికిరారు. ఆయన సోల ఎత్తి తాగడం చూసినవాళ్ళకు కొదవేముంది, ఇద్దరు దొరకరా అనుకున్నాను.

ముందు ఎర్రయ్య దగ్గరకు వెళ్ళాను. గంజి వారుస్తూ తల ఎత్తలేదు.

"పిన్నీ, నీ పూట పెనం ముందు నన్నే పట్టమని అడిగాడు. నేను సచ్చినా పట్టనన్నాను. అదే నా సాయం. సంతకం మాత్రం అడక్కు."

"అదేం సాయంరా? దెబ్బ కొట్టకపోవడమేనా?"

"ఇప్పుడంతే పిన్నీ," అన్నాడు. తిట్టాను. వరాలు ఆ తిట్టు రాయడం లేదు. రాయమని మళ్ళీ చెబుతున్నాను. అడ్డగాడిద అన్నాను.

మేరీరత్నం వాళ్ళాయన వేటకు వెళ్ళే పడవను పట్టాభిగారి తెప్పకే కడతారు. తాడు కోసి పొమ్మంటే వేరే రేవు లేదు. నన్ను చూడగానే బూడిద చేతులతో ముఖం కప్పుకుంది.

"అత్తా, నీకు తెలీంది కాదు. నా పడవ."

"తెలుసే. నేనేం అనలేదు కదా."

"అనకుండా చూస్తన్నావు కదా. అదే బాధ."

ఈ మాటలు ఎవరు మోశారో, గోడలే మోశాయో, మధ్యాహ్నానికి పట్టాభిగారికి చేరాయి. నన్ను పిలిచి, "యంత్రంతో కబుర్లాడి దాని పని చెడగొడుతున్నావు. రేపటినుంచి రావద్దు," అన్నారు.

"అట్టు మాడిందనో, పిండి పులిసిందనో అనొచ్చు కదండీ. కబుర్లాడానని పని తీసేయడం నేనెక్కడా వినలేదు," అన్నాను.

"ఇప్పుడు విన్నావుగా."

నా గరిటె నాకిచ్చేశారు. మా అమ్మ వాడిన గరిటె అది. అది కూడా చిట్టాలో ఎక్కిస్తారేమోనని భయపడ్డాను.

ద్వాదశి, పోటు

పని తీసేసినవాళ్ళు తినడానికి రాకూడదని ఎక్కడా లేదు. సొరబుర్ర భుజాన వేసుకుని వచ్చినవాడిని ఏ హోటలూ కాదనదు. ఇవాళ తెల్లవారి పూట రద్దీలో వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను. నలభై ఏళ్ళుగా పోసిన దాన్ని గానీ, కూర్చుని తినడం అదే మొదలు. ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

తొండం అట్టు పోసి పెట్టింది. పెద్దలకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అంచులు నా అట్టు కంటే బాగా వచ్చాయి. నడుమ కొంచెం మందం, ఉప్పు చాలలేదు. అయినా చేతికి తగ్గ పని చేసింది. లేచి, నా వంతు కొళాయి నీళ్ళు బుర్రలో మిగిలినవి గంగాళంలో ధారగా వంపాను. మేరీరత్నం అంట్ల తొట్టి దగ్గర నుంచి నోరు తెరిచి చూసింది. ఇంట్లో అప్పాయమ్మ వీపు ఆ స్థితిలో ఉండగా నేను నీళ్ళు వంపడం ఏమిటని.

"మంచి పనికి మిగులు ఇచ్చి తీరాలి," అన్నాను అందరికీ వినపడేలా. "ఒరేయ్ తొండం, నేను వంపిన నీల్లు ఎవరికి పోతాయి?"

"ఈ పూట పనిచేసినవారికి, కాసులమ్మగారూ."

"నీకు వచ్చే పాలు నువ్వు తాగుతావా?"

"నేను తాగను. నీళ్ళు తగిలితే నా కీళ్ళు తుప్పు పడతాయి."

"మరేం చేస్తావు?"

"యజమానిగారి స్నానపు తొట్టిలో పోస్తాను."

బల్లల దగ్గర చేతులు ఆగిపోయాయి. ఒక పెద్దాయన వంపబోతున్న బుర్రకు మళ్ళీ మూత బిగించాడు. లోపలి నుంచి పట్టాభిగారు పరుగెత్తుకొచ్చి, పీట ఎక్కి, తొండం మెడ దగ్గర ఒక తీగ పట్టుకుని లాగారు. అది "వేడిగా ఉంది, జాగ్ర" అంటూ ఆగిపోయింది. గరిటె ఊగుతూనే ఉంది, గొంతు లేదు.

అడిగినందుకు నా పెనం పోయింది. చెప్పినందుకు దాని గొంతు పోయింది. ఇద్దరికీ ఒకే చేత్తో పడింది.

ఇంటికెళ్ళాక అప్పాయమ్మ అడిగింది, "ఇంతకీ అట్టు బాగుందా?"

"ఉప్పు తక్కువ."

"సెప్పావా దానికి?"

"సెప్పేలోగా గొంతు పీకేశాడు వదినా."

"మరి దానికెలా తెలుస్తాది? పాపం," అంది. వీపు మంటతో నిన్న రాత్రంతా మూలిగిన మనిషి, జాలి పడింది మాత్రం తొండం మీద.

చతుర్దశి, ఆటు

తిన్నవాళ్ళు సాక్షులుగా పనికిరారన్న కట్టు మారదట. హోటల్ నిండా విన్నారు కదా అంటే వరాలు తల అడ్డంగా ఊపింది. "పనివాళ్ళే కావాలి పెద్దమ్మా. చిట్టాలో పేరున్నవాళ్ళు."

ఆ మాట పళ్ళలో పీచులా ఇరుక్కుంది. చిట్టాలో పేరున్నవాళ్ళు.

"తొండం పేరుంది కదే. ఇద్దరిలో ఒకరు దొరికినట్టే," అన్నాను.

వరాలు కలం పక్కన పెట్టింది.

"అది మనిషి కాదు కదా పెద్దమ్మా."

"నేనన్నానా మనిషని? పట్టాభిగారే పనివాడన్నారు. పనివాడైతే సాక్ష్యం చెప్పొచ్చు. కాకపోతే ఆ పాలు ఎవరి పేరున తీశారు? ఆయన్నే అడుగు. ఏదన్నా నాకు సమ్మతమే."

వరాలు లేచి పంచాయతీ పెద్దల తెప్పకు పడవ వేసుకుని వెళ్ళింది. చీకటి పడకముందే వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసింది.

"అడగవచ్చన్నారు," అంది. "గొంతు లేనివాళ్ళు ముద్ర వేయవచ్చట. నీలాగే."

పున్నమి, పోటు నిండిన వేళ

ఇదే చివరి చెప్పడం. ఇది హోటల్లోనే, అట్ల పెనం పక్కన నిలబడి చెబుతున్నాను. పంచాయతీ రాతగత్తె వెంట ఉంటే నన్ను బయటికి పొమ్మనడానికి వీల్లేదు.

వరాలు పట్టాభిగారిని అడిగింది, "తొండం మీ పనివాడేనా?"

"అదెక్కడి పనివాడు? సామాను," అన్నారాయన. వరాలు రాసుకుంది. ఆమె కలం కదలడం చూసి ఆయన నాలిక కరుచుకున్నారు. "కాదు కాదు, పనివాడే. చిట్టాలో ఉంది," అన్నారు. అది కూడా రాసుకుంది.

నేను కాగితం తీసుకెళ్ళి తొండం కింద, పెనం గట్టు మీద పరిచాను.

"ఒరేయ్," అన్నాను. "నాకూ రాయడం రాదు. నువ్వు చూసిందీ, మోసిందీ నిజమైతే ఇక్కడో గుర్తు పెట్టు. కాకపోతే మానెయ్. నీ మీద నాకేం కోపం ఉండదు."

అది చాలాసేపు ఊగింది. దానికి అర్థమైందో లేదో నాకు తెలియలేదు. దాని లోపల ఏముందో ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఉంది. తర్వాత గరిటెను పిండిలో ముంచి, అంచు విదిల్చి, కాగితం మీద నెమ్మదిగా ఒత్తి ఎత్తింది. గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా, చిన్న అట్టంత ముద్ర పడింది.

పట్టాభిగారు పీట వైపు అడుగు వేశారు. "సాక్షిని ముట్టుకుంటే అది వేరే తగువవుతుందండీ," అంది వరాలు తల ఎత్తకుండా. ఆయన ఆగిపోయారు.

అప్పుడు అంట్ల తొట్టి దగ్గర చప్పుడైంది. మేరీరత్నం చేతులు చీర చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"మేరీ, నీ పడవ," అన్నాను నేనే.

"ఉండనీ అత్తా. గొంతు పీకేసినా అదే గుర్తు పెట్టింది. నాకు గొంతుంది కదా." వరాలు వైపు తిరిగింది. "రాయమ్మా. ఆయన సోల ఎత్తి తాగడం చూశాను. గుక్క కాదు, సోలంతా. నా ఎదురుగానే."

ఎర్రయ్య గంజి కుండ వెనకాల నుంచి, "నేనూ చూశాను, కానీ రాయకండి," అన్నాడు. వరాలు ఆ మాట కూడా రాసిందని వాడికి ఇంకా తెలియదు.

పెద్దలను నేను కోరేది ఇది. తెల్లవారి పూట, నా పెనం నాకు ఇప్పించండి. గంగాళం పనివాళ్ళకు వదిలేయమనండి. లోపలి తొట్టిలో ఇంకా నీళ్ళుంటే మా వదిన వీపుకు పంపించండి, సబ్బు అక్కర్లేదు. మేరీరత్నం పడవ తాడు ఎవరూ ముట్టుకోకుండా చూడండి. తొండానికి పాలు వద్దు, నెలనెలా నూనె ఇస్తే చాలు. దాని గొంతు దానికి తిరిగి పెట్టించండి. అట్టులో ఉప్పు తక్కువైందని నేను దానికి ఇంకా చెప్పలేదు.

మైలపల్లి కాసులమ్మ
ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
పంతాడి మేరీరత్నం, అంట్లు తోమే పని. సంతకం.
తొండం, పెనం దగ్గర పని. గరిటె అంచు ముద్ర, అట్ల పిండితో.

రాసి, చదివి వినిపించినది: వరాలు